ఊరికే కూర్చున్నా ఖర్చే: మీ ఎండాకాలం పేజీ గురించి

ఎడిటర్ గారికి నమస్కారం అండి.

మొన్న ఆదివారం మీరు వేసిన ఎండాకాలం జాగ్రత్తల పేజీ చూశాను, మజ్జిగ తాగమన్నారు, పదకొండు దాటాక బయట తిరగొద్దన్నారు, తలకి గుడ్డ కట్టుకోమన్నారు, అవన్నీ బానే ఉన్నాయి. కానీ అందులో రెండు మాటలు మాత్రం నాకు మింగుడు పడలేదు. ఒకటేమో ఓఆర్ఎస్‌లో గ్లూకోజ్ ఉంటది కాబట్టి తాగిన వెంటనే ఎనర్జీ వస్తది అని, రెండోదేమో నీడపట్టున కదలకుండా కూర్చుంటే ఎనర్జీ ఖర్చు ఉండదు కాబట్టి తిండీ నీళ్లూ తగ్గినా పర్లేదు అని. రెండూ తప్పే అండి, పైగా రెండూ ఒకే నమ్మకంలోంచి పుట్టినయ్, ఎనర్జీ అంటే పని చేసేటప్పుడు మాత్రమే కావాల్సింది, కూర్చుంటే మిగిలేది అని. నేను ఇందుకూరుపేట సైడు హైస్కూల్లో బయాలజీ చెప్తాను, ఇంట్లో వాళ్లకి రొయ్యల గుంటలు ఉన్నాయి, కాబట్టి క్లాసులోనూ గట్టు మీదా కూడా ఈ సంగతి చూస్తానే ఉంటా. ఉత్తరం పొడుగైతే ఏమనుకోకండి, కోసుకుంటే కోసుకోండి గానీ ఉప్పు గురించి రాసిన ముక్క మాత్రం ఉంచండి.

మామూలు మనిషి పొద్దున్నుంచి రాత్రి దాకా మంచం దిగకుండా పడుకున్నా రోజుకి 1,500 క్యాలరీలు అటూ ఇటూగా ఖర్చయిపోతాయి. ఎవరు తిన్నారు అవన్నీ? మెదడు మన బరువులో నూటికి రెండు వంతులు ఉంటది, కానీ పీల్చిన ఆక్సిజన్‌లో నూటికి ఇరవై వంతులు అదే లాగేస్తది, మీరు లెక్కలు చేస్తున్నా సీరియల్ చూస్తున్నా పెద్ద తేడా రాదు. లివర్ ఇంకో పెద్ద వాటా. కిడ్నీలు ఒక్కోటి పిడికిలంతే ఉంటాయి, అవి రోజుకి దాదాపు 180 లీటర్లు వడకట్టి, అందులో రెండు లీటర్లో ఒకటిన్నర లీటరో తప్ప మిగతా అంతా తిరిగి లోపలికి తీసుకుంటాయి, ఆ తిరిగి తీసుకోవడానికే వాటి ఖర్చంతా. గుండె సంగతి సరే సరి.

ఇవన్నీ పెద్ద అవయవాలు, కానీ అసలు ఖర్చు ఒక్కో సెల్లులో ఉంది. ఏ సెల్లు తీసుకున్నా లోపల పొటాషియం ఎక్కువ సోడియం తక్కువ, బయట దానికి తిరగబడి ఉంటది. లెక్కల్లో చెప్పాలంటే సోడియం బయట 140 ఉంటే లోపల 10, 12 అంతే, పొటాషియం లోపల 140 ఉంటే బయట 4 (లీటరుకి మిల్లీమోల్స్ లెక్కన, పిల్లలు ఈ యూనిట్ అనగానే మొహం తిప్పేస్తారు గానీ ఆ తేడా చూడండి ఎంతుందో). సెల్లు పొర గట్టిది కాదు, సోడియం ఎప్పుడూ లోపలికి కారతానే ఉంటది. ఓటి పడవలో కూర్చున్నోడు చేపలు పట్టినా పట్టకపోయినా నీళ్లు తోడతానే ఉండాలి గదా, సెల్లు చేసేది కూడా అదే. ఆ తోడే పంపుకి ఒక్కో విడత ఒక్క ఏటీపీ (సెల్లులో ఎనర్జీని మోసే అణువు) ఖర్చు, మూడు సోడియంలని బయటికి నెట్టి రెండు పొటాషియంలని లోపలికి లాక్కుంటది. రెస్టులో ఉన్న మనిషి ఖర్చులో ఐదో వంతు నుంచి మూడో వంతు దాకా ఈ ఒక్క పంపుకే పోద్దని అంచనా. అంటే మనం నిద్రపోయేటప్పుడు కూడా ఒంట్లో జరిగే పెద్ద పనుల్లో ఒకటి ఉప్పు తోడటమే.

ఈ పంపుని కనిపెట్టింది ఎక్కడో తెలుసా, పీత కాళ్లలో! డెన్మార్క్‌లో ఆర్హస్ అనే ఊళ్లో యెన్స్ స్కౌ అనే ఆయన సముద్రపు పీతల కాళ్ల నరాలు నూరి వాటి మీద పని చేసి 1957లో రాశాడు, నోబెల్ రావడానికి 1997 దాకా పట్టింది. మన దగ్గర పీతలకి కొదవా చెప్పండి, మైపాడు బీచికి పోతే బుట్టలు బుట్టలు, కానీ క్లాసులో ఈ సంగతి చెప్తే పిల్లలు నమ్మరు, పీత అంటే పులుసే గుర్తొస్తది వాళ్లకి.

ఇక ఏటీపీ గురించి చెప్పాలంటే అది మన తెలుగోళ్ల ఇంటి సంగతి అండి. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికా పోయి హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి కండరాల్లో ఉండే ఫాస్ఫరస్‌ని కొలుస్తా కొలుస్తా 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ని, 1929లో ఏటీపీని బయటపెట్టాడు. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనిపెట్టాడు, అందుకని పుస్తకాల్లో ఒక్కోచోట ఆయన పేరే ఉంటది, మనాయన పేరు ఎగిరిపోద్ది. హార్వర్డ్ వాళ్లు ఆయనకి పర్మనెంట్ ఉద్యోగం ఇవ్వలేదు, తర్వాత లెడర్లే కంపెనీకి పోయాడు, మన కోస్తాలో బోదకాలుకి పంచే డీఈసీ మాత్ర కూడా ఆయన టీమ్ పనే. 1948లో పోయాడు. హీరోల బర్త్‌డేలకి ఫుల్ పేజీలు వేస్తారు, జనవరి 12న ఈయనకి ఒక చిన్న బాక్సు వెయ్యండి సార్, ఇది సైడు మాట అనుకోండి.

ఏటీపీ గొప్పతనం ఏందంటే అది నిల్వ ఉండదు. ఏ క్షణాన చూసినా ఒంట్లో పావు కేజీ కూడా ఉండదు, కానీ రోజు మొత్తం మీద మనం తయారు చేసి వాడి మళ్లీ తయారు చేసేది కూడితే దాదాపు మన బరువంత అవుద్ది. నిన్న తిన్నది కొవ్వుగా దాచుకోవచ్చు, లివర్లో గ్లైకోజెన్‌గా దాచుకోవచ్చు, ఏటీపీగా మాత్రం దాచుకోలేం, ఎప్పటికప్పుడు చేసుకోవాల్సిందే. కబడ్డీలో కూతకి పోయినోడు ఒక్క ఊపున దూకాడంటే ఆ మొదటి పది సెకన్లు కండరంలో దాచుకున్న ఫాస్ఫోక్రియాటిన్ ఆదుకుంటది, అంతే, ఆ తర్వాత ఆక్సిజన్ లేకుండా గ్లూకోజ్‌ని విరిచి కొద్దిసేపు నెట్టుకొచ్చినా, ఆఖరికి ఎవడైనా ఊపిరి మీద ఆధారపడాల్సిందే.

తయారయ్యేది ఎట్టా అంటే, తిన్న అన్నం గ్లూకోజ్ అయ్యి సెల్లులోకి పోద్ది, అక్కడ ఆక్సిజన్ అవసరం లేకుండా మొదటి విరుపులో మిగిలేది రెండే ఏటీపీలు. ఎర్ర రక్తకణాలు ఆ రెండింటితోనే బతికేస్తాయి పాపం, వాటికి మైటోకాండ్రియా (సెల్లులో ఏటీపీ తయారు చేసే భాగం) లేదు, 120 రోజులు అట్టాగే నెట్టుకొస్తాయి. మిగతా సెల్లులన్నీ ఆ ముక్కల్ని మైటోకాండ్రియాలోకి పంపుతాయి, అక్కడ హాన్స్ క్రెబ్స్ 1937లో చెప్పిన చక్రంలో తిరిగి, అందులోంచి వచ్చిన ఎలక్ట్రాన్లు ఒకదాని నుంచి ఇంకోదానికి చేతులు మారతా మారతా ప్రోటాన్లని ఒక పొరకి అవతలకి తోసేస్తాయి, ఆ ప్రోటాన్లు తిరిగి లోపలికి వచ్చే దారిలో ఒక రోటర్ ఉంది, నిజంగానే తిరుగుద్ది, ఒక చుట్టుకి మూడు ఏటీపీలు. ఈ ప్రోటాన్ల సంగతి పీటర్ మిచెల్ 1961లో చెప్తే చానా మంది కొట్టిపారేశారు, 1978లో నోబెల్ ఇచ్చారు. మొత్తం ఒక గ్లూకోజ్‌కి 30, 32 దాకా వస్తాయి, మేం చదివేటప్పుడు 38 అని బట్టీ పట్టాం, ఇప్పటికీ కొన్ని గైడుల్లో అదే ఉంది.

ఆ ఎలక్ట్రాన్లన్నీ ఆఖర్న చేరేది ఆక్సిజన్ దగ్గరికి, చేరి నీళ్లయిపోతాయి. మనం ఊపిరి పీల్చేది అందుకు. ఆక్సిజన్ లేకపోతే ఎలక్ట్రాన్లు ఎక్కడివక్కడ ఆగిపోతాయి, రోటర్ ఆగుద్ది, ఏటీపీ ఆగుద్ది, ఉప్పు తోడే పంపు ఆగుద్ది, సోడియం లోపలికి వచ్చేస్తది, దాని వెనకే నీళ్లు, సెల్లు ఉబ్బిపోద్ది. మెదడుకి రక్తం ఆగితే పది సెకన్లలో స్పృహ పోద్ది, నాలుగైదు నిమిషాల్లో సెల్లులు చావడం మొదలవుద్ది. చనిపోయిన మనిషి ఒళ్లు కొన్ని గంటలకి కొయ్యలాగా బిగుసుకుపోవడం ఊళ్లో అందరం చూసినోళ్లమే, కండరం బిగుసుకోవడానికే కాదు వదులవడానికి కూడా ఏటీపీ కావాలి, అది లేక అట్టా పట్టేసి ఉండిపోద్ది. వదులుగా పడుకోవడానికి కూడా ఖర్చుందండి, మీ పేజీ రాసినాయనకి ఇది చెప్పండి.

ఇప్పుడు గుంటల సంగతికి వస్తా, ఎందుకంటే మీ పేపర్ మా జిల్లాలో ఎక్కువ చదివేది ఆక్వా పేజీనే. రోజూ కౌంట్ల (కేజీకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) రేట్లు వేస్తారు, మందుల యాడ్లు వేస్తారు, కానీ రొయ్య తెల్లారుజామునే ఎందుకు తేలుద్దో ఎప్పుడూ వెయ్యరు. పగలు నీళ్లలో పాచి ఎండకి ఆక్సిజన్ ఇస్తది, రాత్రయితే ఆ పాచే ఆక్సిజన్ తీసుకుంటది, అడుగు బురదలో బ్యాక్టీరియా తీసుకుంటది, రొయ్య ఎటూ తీసుకుంటది, ఇచ్చేవాడు ఎవడూ లేడు, ఏరేటర్ (నీళ్లలో గాలి కలిపే మెషిన్) తప్ప. మూడు నాలుగు నుంచి పొద్దు పొడిచే దాకా డీవో (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) అడుక్కి పోద్ది. లీటరుకి 4 మిల్లీగ్రాముల పైన ఉండాలి అని అందరూ అంటారు, ఏరేటర్లు గంట ఆగినా ఆ టైములో ఎంత కిందకి జారుద్దో మీటర్ పెట్టి చూసినోళ్లకే తెలుసు. ఎండాకాలం ఇంకా ఘోరం, నీళ్లు వేడెక్కే కొద్దీ ఆక్సిజన్ తక్కువ కరుగుద్ది, 30 డిగ్రీల మంచినీళ్లలో నిండా కరిగినా లీటరుకి 7.5 మిల్లీగ్రాములే, ఉప్పునీళ్లయితే ఇంకా తక్కువ, అదే టైములో ఆ వేడికి రొయ్య ఒంట్లో ఖర్చు పెరుగుద్ది, పది డిగ్రీలు పెరిగితే దాదాపు రెట్టింపు. ఆదాయం తగ్గి ఖర్చు పెరిగిందన్నమాట. రొయ్య ఏం పరిగెత్తట్లేదు, ఎగరట్లేదు, అడుగున ఊరికే ఉంది, అయినా చచ్చిపోద్ది.

ఎందుకంటే దానికీ ఉప్పు తోడే పనుంది, అది మొప్పల్లో జరుగుద్ది. మనం గుంటల్లో పెంచే వనామీ రొయ్య రక్తంలో ఉప్పు సుమారు 25 పీపీటీ (వెయ్యికి ఇన్ని వంతులు అని) నీళ్లకి సరిపోయేంత ఉంటది, గుంట నీళ్లు దాని దగ్గర్లో ఉంటే రొయ్యకి ఈ ఖర్చు తక్కువ. ఎండలకి సెలైనిటీ (నీళ్లలో ఉప్పు లెక్క) 40 దాటినా కష్టమే, వానలకి 5 కిందకి పడినా కష్టమే, పడ్డ ప్రతిసారీ మొప్పల్లో పంపులు ఎక్కువ పని చెయ్యాలి, ఆ ఏటీపీ మేత లోంచే రావాలి, అంటే మీరు వేసిన మేత పెరుగుదలకి పోకుండా ఉప్పు తోడటానికి పోద్ది. కౌంట్ రావట్లేదు ఎఫ్‌సీఆర్ (కేజీ రొయ్యకి పట్టే మేత) పెరిగిపోతంది అని ఏడ్చే రైతు సీడ్‌ని తిడతాడు, ఫీడ్‌ని తిడతాడు, సెలైనిటీ చూడడు. ఇంకొకటి, సముద్రానికి దూరంగా బోరు నీళ్లతో కల్చర్ చేసేచోట ఉప్పు ఉన్నా పొటాషియం తక్కువ ఉంటది. ఆ పంపుకి లోపలికి లాక్కోడానికి పొటాషియం లేకపోతే అది తిరగదు. పొటాష్ బస్తాలు గుంటల్లో కొట్టేది ఇందుకు. సముద్రంలో సోడియం పొటాషియం 28 కి 1 లెక్కన ఉంటాయి, దానికి దగ్గరగా తేవాలి, కానీ మా సైడు చానా మంది పక్క గుంటోడు రెండు బస్తాలు కొట్టాడంటే తనూ రెండు బస్తాలు కొడతాడు, నీళ్ల టెస్టు చేయించడు. మోల్టింగ్ టైములో ఇంకా జాగ్రత్త కావాలి, గుల్ల విడిచిన రొయ్య నీళ్లూ లవణాలూ గబగబా లాక్కుంటది, ఆక్సిజన్ కూడా ఎక్కువ కావాలి, ఆ రాత్రే కరెంట్ పోయిందనుకోండి ఇక చెప్పేదేముంది.

మళ్లీ మనిషి దగ్గరికి. రోహిణి కార్తె ఎండకి రోళ్లు పగులుతాయంటారు, ఆ ఎండలో చీమకుర్తి క్వారీల్లో రాయి కొట్టేవాళ్లు ఉన్నారు, ఇసకపల్లి సైడు ఉప్పు కొఠార్లలో పని చేసేవాళ్లు ఉన్నారు, మా గుంటల్లో హార్వెస్ట్ వలలు లాగేవాళ్లు ఉన్నారు. కండరం తిన్నదాంట్లో నాలుగో ఐదో వంతే పని కింద మారుద్ది, మిగతా అంతా వేడే, ఆ వేడి పోవాలంటే చెమట పట్టాలి, గట్టి ఎండలో గంటకి లీటరు పైన కూడా పోద్ది, లీటరు చెమటతో ఒక గ్రాము అటూ ఇటూగా సోడియం పోద్ది. ఇప్పుడు ఆయన ఉత్త నీళ్లే బిందెడు తాగాడనుకోండి, బయట ఉప్పు పలచబడి నీళ్లు సెల్లుల్లోకి పోతాయి, మెదడు సెల్లులు ఉబ్బుతాయి, తలనొప్పి, వాంతులు, ముదిరితే ఫిట్స్. నీళ్లు బాగా తాగండి అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే చాలదు సార్, ఉప్పు వేసిన మజ్జిగ, గంజి, ఇవి రాయండి. బీపీ ఉన్నోళ్లూ కిడ్నీ జబ్బున్నోళ్లూ డాక్టర్ని అడిగి తాగాలి అని కూడా పక్కనే రాయండి, కనిగిరి సైడు కిడ్నీ బాధితులు ఎంతమంది ఉన్నారో మీకు తెలియంది కాదు.

ఓఆర్ఎస్‌లో గ్లూకోజ్ ఎనర్జీ కోసం కాదండీ. లీటరుకి 13.5 గ్రాములే ఉంటది, మొత్తం తాగినా యాభై క్యాలరీలు, ఒక ఇడ్లీ. అది ఎందుకుందంటే, పేగు సెల్లు మీద ఒక తలుపుంది, దాంట్లోంచి గ్లూకోజ్ ఒంటరిగా రాదు, సోడియంని వెంటపెట్టుకునే వస్తది, సోడియం వస్తే వెనకే నీళ్లు వస్తాయి. 1960లో రాబర్ట్ క్రేన్ ఈ సంగతి చెప్పాడు. ఈ తలుపు పని చెయ్యాలంటే సెల్లు లోపల సోడియం తక్కువుండాలి, తక్కువ ఉంచేది మళ్లీ ఆ పీత కాళ్ల పంపే. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం శరణార్థులకి కలరా వచ్చినప్పుడు పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్‌లో డాక్టర్ దిలీప్ మహలనబిస్ సెలైన్ బాటిళ్లు అయిపోయి ఈ ఉప్పు గ్లూకోజ్ నీళ్లు డ్రమ్ముల్లో కలిపి పోయించాడు, 30 శాతం చచ్చిపోయే చోట అది 3.6 శాతానికి పడిపోయింది. 2022లో పోయాడాయన, పోయాక పద్మవిభూషణ్ ఇచ్చారు.

తీపి ఎక్కువైతే ఇది తిరగబడుద్ది, పేగులో చక్కెర నిలిచిపోయి ఒంట్లో నీళ్లనే బయటికి లాగి విరేచనాలు పెంచుద్ది. ఓఆర్ఎస్ అని పేరు పెట్టి డబ్బాల్లో తీపి నీళ్లు అమ్మేవాళ్ల మీద హైదరాబాద్‌లో పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి కొట్లాడితే 2025 అక్టోబర్‌లో ఎఫ్ఎస్ఎస్ఏఐ (తిండి పదార్థాల నాణ్యత చూసే కేంద్ర సంస్థ) ఆ పేరు వాడొద్దని ఆర్డర్ ఇచ్చింది. అయినా మీ పేజీలో ఓఆర్ఎస్ మాట పక్కనే రంగు డ్రింకు బొమ్మ ఉంది, అది చూసినోడు షాపుకి పోయి ఏది కొంటాడు? డబ్ల్యూహెచ్ఓ లెక్క 2002 నుంచి ఇది: లీటరుకి ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజ్ 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, సిట్రేట్ 2.9. ప్యాకెట్ మీద ఇది చూసుకుని కొనమని రాయండి. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు మంచినీళ్లలో సమానంగా గీసిన టీ స్పూన్లు చక్కెర ఆరు, ఉప్పు అర, అంతే. ఉప్పు అర దాటొద్దు.

సెలైన్ పిచ్చి గురించి కూడా ఒక్క మాట, నీరసంగా ఉంది ఒక బాటిల్ ఎక్కించు అని ఆర్ఎంపీ దగ్గర పడుకునేవాళ్లు మా ఊళ్లో రోజూ కనపడతారు. అరలీటరు 5 శాతం గ్లూకోజ్ బాటిల్లో ఉండేది 25 గ్రాములు, వంద క్యాలరీలు, అంటే రెండు ఇడ్లీలు, సూదితో! వాంతులై నోటితో తాగలేనోడికి డాక్టర్ ఎక్కించే సెలైన్ ప్రాణం, తినగలిగినోడికి ఈ బాటిల్ డబ్బు దండగ.

నేను అడిగేది పెద్దదేం కాదు. ఆ రెండు తప్పుల్ని అదే పేజీలో అంతే సైజులో సరిచెయ్యండి. ఆక్వా పేజీలో ఈ మూడు నెలలైనా రేట్ల పక్కన తెల్లారుజాము డీవో గురించి, సెలైనిటీ గురించి, పొటాష్ లెక్క గురించి వారానికోసారి రాయించండి, ఎక్కడెక్కడో వెతకక్కర్లేదు, ముత్తుకూరులోనే ఫిషరీ సైన్స్ కాలేజీ ఉంది, అక్కడ చెప్పే సార్లని అడిగితే నాకంటే బాగా రాస్తారు, మన భాషలో రాయమని మాత్రం గట్టిగా చెప్పండి. ఓఆర్ఎస్ లెక్క బొమ్మతో సహా వేస్తే మా స్కూల్ బోర్డుకి అంటిస్తాను, పక్కన యాడ్ మాత్రం లేకుండా చూడండి.

ఇట్లు,
ఒక బయాలజీ టీచర్,
ఇందుకూరుపేట మండలం, నెల్లూరు జిల్లా